కొండమీఁది పొగ: వచనపాఠబోధన విమర్శనము

తర్కశాస్త్ర మారంభించిన విద్యార్థికి మొట్టమొదట నేర్పఁబడు ననుమానము కొండమీఁది పొగను గూర్చినది. కొండపైఁ బొగ కానవచ్చుచున్నది. పొగ యున్నచోట నిప్పుండును. కావునఁ గొండపై నిప్పున్నది. గోదావరీ కృష్ణాతీరముల పాఠశాలలలో నీ క్రమమును వల్లించినవారిలోఁ బెక్కురు పొగలేచు కొండను గన్నులారఁ జూచినవారు కారు. వంటయింటి పొయ్యి వారికి దృష్టాంతము. పక్షమగు కొండ వట్టి మాట. విశాఖపట్టణమునకు వాయవ్యమున, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్న అరకులోయలోఁ బుట్టిన బాలుని స్థితి దీనికి విపరీతము. పోడు చేయువారు చలికాలమున పొదలు నఱికి, యెండనిచ్చి, వేసవిలోఁ గాల్చి, తొలివానలకు చోళ్లు, సామలు, కందులు చల్లుదురు. అట్టి యింటి బాలుఁడు ఎదుటికొండ పొగను జూచి నిప్పున్నదని చెప్పుటతోఁ దృప్తిపడఁడు. అది పోడుమంటయో, కార్చిచ్చో, సంతకుఁ బోవువారు త్రోవలో వేసికొన్న చలిమంటయో కూడఁ జెప్పఁగలఁడు. తార్కికులు వ్యాప్తి యని పేర్కొను నియతసంబంధము వానికి గ్రంథమువలనఁ గాక కంటివలననే యేర్పడినది.

ఆ బాలునికే వాచకములోని వచనపాఠ మొకటి యిచ్చి, అందుఁ జెప్పఁబడిన విషయములను వెదకి చూపుమనియు, చెప్పఁబడినదానినుండి చెప్పఁబడనిదానిని దెలిసికొమ్మనియు నడిగినచో నోరు మెదపఁడని కొండబడుల నుపాధ్యాయులు చెప్పుకొందురు. వానికి ఊహాశక్తి లేదని దీనినుండి తేల్చుట వాడుక. ఈ తేల్చుటయే యొక దుష్టానుమానము. కొండపై నంత చక్కగా ననుమానించువాఁడు పుటపై ననుమానింపలేకపోయినచో, దోషము పుటయందును బ్రశ్నయందును నుండవచ్చును గదా.

మొదట ప్రశ్నలను జూడవలెను. ఒక స్థలమునో, జంతువునో, పనినో ఉన్నదున్నట్లు తెలుపు వచనములు వాచకములలోఁ గొఱఁతగా లేవు. వాని చివరఁ బ్రశ్నలును గలవు. “బొర్రాగుహలు సున్నపురాతిలో నేర్పడినవి” అని పాఠమున నుండి, “బొర్రాగుహలు ఏ రాతిలో నేర్పడినవి?” అని ప్రశ్న యున్నదనుకొన్నచో, దాని కుత్తరము వ్రాయుటకు సున్నపురాయి యేదో తెలియ నక్కఱలేదు, గుహ యన నేమో తెలియ నక్కఱలేదు. “డింగములు బొంకటిలోఁ దుంగినవి” అని యర్థరహితముగ వ్రాసి, “డింగములు దేనిలోఁ దుంగినవి?” అని యడిగినను, విభక్తి నెఱిఁగిన బాలుఁడు “బొంకటిలో” నని తప్పక వ్రాయును. మహాభాష్యకారుఁడు అర్థముగల పదములనే సంబంధము లేక గుదిగ్రుచ్చి, పదార్థము లుండియు వాక్యార్థము లేనిదాని నొకదానిఁ జూపెను. ఇది దానికిఁ దలక్రిందు: సంబంధము కలదు, పదార్థము లేదు. ఇట్టి యుత్తరమునకుఁ బూర్ణాంకము వేసి దానినే గ్రహణశక్తి యని పిలుచుచున్నారు.

అంతర్జాతీయముగా 2001వ సంవత్సరము మొదలు అయిదేండ్ల కొకమాఱు నాలుగవతరగతి బాలురకు నడపఁబడుచున్న ‘పిర్ల్స్’ అను పఠనపరీక్షయందు, వాచ్యముగా నున్న విషయమును వెదకి తీయుట యొక శక్తిగను, దానినుండి సూటియైన యనుమానము చేయుట వేఱొక శక్తిగను లెక్కింపఁబడును. ఆపై మఱి రెండు మెట్లు కలవు. వానితో నిక్కడఁ బని లేదు. ఈ విభాగము విదేశములనుండి తెచ్చుకొనవలసినంత క్రొత్తది కాదు. శబ్దమువలనఁ దెలియునది శాబ్దము. అట్లు తెలిసినదానినుండి వ్యాప్తిబలమునఁ దెలియునది యానుమానికము. ఈ భేదమును శాస్త్రవిద్యార్థులు తరతరములుగాఁ జదువుచునే యున్నారు. చదివినదానిని బాలుర తెలుఁగువచనమునకు వర్తింపఁజేయకుండుటయే లోపము.

కావ్యము చెప్పు పండితుఁడు శ్లోకమును జేపట్టినపుడు రెండు మార్గములలో నొకదాని ననుసరించును. దండాన్వయమునఁ బదములను వచనక్రమమునఁ బేర్చి చెప్పును. ఖండాన్వయమునఁ గ్రియను ముందుగాఁ బట్టుకొని, ఎవఁడు, దేనిని, దేనిచేత, ఎట్టివాఁడై యని యాకాంక్షలు పుట్టించి యొక్కొక్క పదమును దానికడకు లాగును. ఈ రెండవ మార్గము విషయాన్వేషణమే. తెలుఁగు వచనపాఠమున కిది యేల పనికిరాదు? వచనము సులభము, దాని కన్వయ మక్కఱలేదు అను తలంపే యడ్డము. సులభమని తోఁచినచోటనే విషయము జాఱిపోవును. “కొత్తవలసనుండి కిరందూలు వఱకుఁ బోవు రైలుమార్గము ముఖ్యముగా బైలదిల్లా గనుల యినుపఖనిజమును విశాఖపట్టణపు రేవునకుఁ జేర్చుటకు 1960వ దశాబ్దియందు నిర్మింపఁబడినది, అది అరకు మీఁదుగాఁ బోవును” అను వాక్యమును జూడుఁడు. ‘ముఖ్యముగా’ అను మాటను గమనింపని బాలుఁడు ఆ మార్గమున మనుష్యులు ప్రయాణింపరని వ్రాయును. గమనించినవాఁడు ఇతరప్రయోజనములు నుండవచ్చునని గ్రహించును. ‘చేర్చుటకు’ అనునది యుద్దేశమును జెప్పుచున్నది గాని, ఎంత చేరినదో చెప్పుట లేదు. ‘మీఁదుగా’ అనునది అరకు గమ్యము కాదని చెప్పుచున్నది. మూఁడు విషయములును జిన్నమాటలలోనే దాఁగియున్నవి. ఇనుము, రేవు, గని యను పెద్దమాటలను బ్రతి యుపాధ్యాయుఁడును వివరించును. చిన్నమాటలను వివరించువాఁడు వ్యాకరణము చదివినవాఁడు కావలెను; తెలుఁగుపండితుని యుద్యోగము బడిలో నిలుచుట కింతకంటె మంచి హేతువును ఆ పండితులును వెదకికొనలేరు.

ఇఁక ననుమానము. పై వాక్యమును జదివిన బాలుఁ డొకఁడు, కొండ దిగు సరకుబండ్లు బరువుతోను, ఎక్కునవి వట్టివిగాను ఉండునని చెప్పెననుకొన్నచో దాని నొప్పుకొనవలెనా? ఇనుపఖనిజము దిగునని పాఠము చెప్పినది. పైకి వేఱు సరకు పోదని చెప్పలేదు. ఆ నియమము లేనిది యనుమానము నిలువదు. ఐనను బాలుఁడు “మా యూరి స్టేషనులో చూశాను” అని హేతువు చూపఁగలిగెనా, పాఠమునకుఁ దన ప్రత్యక్షమును జోడించి చెప్పినవాఁ డగును. అది చూచినంతవఱకు నంగీకార్యము. ఏ హేతువును లేక పలికెనా, అది ఊహ. ఉత్తర మొక్కటియే, దాని విలువ వేఱు. “ఎట్లు తెలిసినది?” అను రెండవ ప్రశ్న వేయని యుపాధ్యాయుఁ డీ భేదమును గనుఁగొనలేఁడు. మూలములేనిది వ్రాయననియు, అపేక్షింపఁబడనిది పలుకననియుఁ గోలాచలము మల్లినాథుఁడు వ్యాఖ్యాతగాఁ దనకు విధించుకొన్న నియమము పదేండ్ల బాలునికిని బనికివచ్చును.

తప్పుటనుమానములలోఁ దెగలు పెక్కు గలవు గాని బడికిఁ గావలసినవి రెండు. అరకులోఁ జలికాలమునఁ దెల్లవాఱుజామున లోయనుండి మంచు లేచి కొండల నడుముల వఱకుఁ గప్పుకొనును. క్రొత్తగా వచ్చినవానికి అది పొగవలెఁ దోఁచును. మంచును బొగ యనుకొని నిప్పు ననుమానించువాని దోషము వ్యాప్తిలో లేదు, హేతువునందే యున్నది. ఆవిరియో పొగయో తేలనిదానిని బౌద్ధతార్కికుఁడగు న్యాయప్రవేశకారుఁడు సందిగ్ధాసిద్ధమున కుదాహరించెను. పఠనమున దీనికి సాటి పాఠములోని మాటను దప్పుగాఁ బట్టుకొనుట. అట్టి బాలునిఁ దిరిగి వాక్యముకడకుఁ బంపవలెను. వాని యాలోచనమును దిద్దఁబూనుట వ్యర్థము.

రెండవది హేతువును సరిగానే చూచి, లేని నియమమును గల్పించుకొనుట. బొర్రాగుహలలో సున్నము కరఁగిన నీరు పైకప్పునుండి బొట్టుబొట్టుగా జాఱుచు, బొట్టుబొట్టునకు నణువంత సున్నమును విడుచుచు, పైనుండి వ్రేలాడు రాళ్లను గ్రిందనుండి లేచు స్తంభములను నేర్పఱచును. ఇది చదివిన బాలుఁడు “పొడవైన స్తంభము ప్రాఁతది, పొట్టిది క్రొత్తది” అని చెప్పును. ఉపాధ్యాయుఁడు సంతసించి మెచ్చుకొనును. ఇద్దఱును బొరపడిరి. రెండుచోట్ల నీరు సమానముగా జాఱి, సమానముగా సున్నమును విడిచినప్పుడే యా నియమము చెల్లును. తార్కికులు దీనిని ఉపాధి యందురు. నిప్పున్నచోట నెల్లఁ బొగ యుండుననుటకుఁ బచ్చికట్టె యుపాధి యని వారు చూపిన యుదాహరణము కొండబాలునికిఁ బుట్టుకతోడి యెఱుక: చక్కగా నెండిన పోడు కొద్దిపొగతో మండును, పచ్చికట్టె పొగయే గాని మంట నీయదు. “నీ పొయ్యిలో అన్ని కట్టెలూ ఒకలాగే పొగవస్తాయా?” అని యడిగి, అటుపిమ్మట “గుహలో అన్నిచోట్లా నీరు ఒకలాగే జారుతుందా?” అని యడిగిన నుపాధ్యాయునికి వేఱు పద్ధతి యక్కఱలేదు.

ఆ గుహలను గూర్చిన పాఠమునందే, పైరంధ్రమునుండి ఆవు లోపలఁ బడఁగా వెదకుచు దిగిన కాపరికి శివలింగము కానవచ్చెనను స్థలకథయు సాధారణముగాఁ జేర్పఁబడును. గోస్తనీనది పేరును దానితో ముడిపెట్టుదురు. బాలుఁడు చూడవలసినది “అని చెప్పుదురు” అను క్రియను. చెప్పుదురనుట చెప్పువారు కలరనుటకుఁ బ్రమాణము, జరిగెననుటకుఁ గాదు. కథను దీసివేయవలెనని దీని భావము కాదు. కథ యున్నందువలననే సున్నపునీటి వాక్యమునకును దీనికిని బ్రమాణభేదమును జూపుటకు వీలు కలిగినది.

ఈ దోషములకంటె నెక్కువ హాని చేయునది వేఱొకటి కలదు: సరియైన యనుమానమును దప్పని కొట్టివేయుట. “అరకుప్రాంతమునఁ గాఫీమొక్కలను సిల్వరు ఓకు మున్నగు చెట్ల నీడనఁ బెంచుదురు, ఆ చెట్లకే మిరియపుఁదీఁగలను బ్రాఁకింతురు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ అను పేరునకు భౌగోళికసూచిక లభించినది” అని పాఠ మనుకొనవచ్చును. “కాఫీతోఁట వేసినందున నా కొండకుఁ గలుగు మార్పేమి?” అని ప్రశ్న. “ఆదాయము పెరుగును” అని యుపాధ్యాయుని పుస్తకములోని యుత్తరము. బాలుఁడు “అక్కడ ఇంక పొగ లేవదు” అనును. పాఠమునఁ బొగ ప్రసక్తియే లేదని యుత్తరము కొట్టివేయఁబడును. విచారించినచో నది రెండు మెట్ల యనుమానము: నీడ కావలె ననుటచేఁ జెట్లు నఱుకఁబడవు, నఱుకనిచోటఁ బోడు లేదు, పోడు లేనిచోట నా పొగ లేదు. మొదటి హేతువు పాఠములోనిది, వ్యాప్తి యింటిది. పోడునకు బదులుగానే కాఫీని గిరిజనులచేఁ బెంపింపఁ బ్రభుత్వము పూనుకొన్నదను సంగతిని పాఠము చెప్పలేదు. ఆ బాలుఁడు దానిని దానంతటఁ జేరువకు వచ్చి తాఁకినాఁడు. ఆదాయమను నుత్తరమునకుఁ బాఠములో హేతువే లేదు. మిరియములవలన రెండవ పంట వచ్చుననవచ్చును గాని, ఖర్చు తెలియనిది ఆదాయము తేలదు. కొట్టివేయఁబడినది నిలుచుచున్నది, అంకము పొందినది కూలుచున్నది.

దీనికి మఱుపక్కయుఁ గలదు. ఆ గోస్తనియే కొండలు దిగి భీమునిపట్టణముకడ సముద్రమునఁ గలియును. అక్కడి పల్లెకారులను గూర్చిన పాఠమున “రాత్రి గడచి తెల్లవాఱువఱకు గాలి నేలనుండి సముద్రముమీఁదికి వీచును” అని చెప్పి, “తెరచాప పడవలు వేఁటకు ఎప్పుడు బయలుదేఱును? ఏల?” అని యడిగినచో, తీరమునఁ బుట్టిన బాలుఁడు పాఠము చదువకయే యుత్తరమిచ్చును, అరకుబాలుఁడు ప్రతిపదమును జదివియు నీయలేఁడు. తెరచాప గాలివాటమునఁ బోవునను వ్యాప్తి వానికి లేదు. ఈ ప్రశ్న కొలుచునది పఠనమును గాదు, నివాసమును. పాఠకర్త యా యొక్క వాక్యమును జేర్చియుండినచో నిద్దఱును సమానముగాఁ బరీక్షింపఁబడియుందురు. వాచకము కూర్చువారు ప్రతి ప్రశ్నకును వ్యాప్తి యెక్కడిదని తమ్ముఁ దాము ప్రశ్నించుకొనవలెను. పాఠములోనిదా, అన్ని యిండ్లలోనిదా, కొన్ని యిండ్లలోనిదా?

ఇంతవఱకు బాలుఁడు తెలుఁగెఱుఁగునను తలంపుతో నడచినది. ఈ కొండలలో మూఁడు కుటుంబముల భాషలు పలుకఁబడుచున్నవి. కొండదొరలలోఁ గొందఱు పలుకు కూబియు, కోందుల కువియుఁ దెలుఁగునకు దాయాదులు; ఆదివాసీ ఒడియా యార్యభాష; ఉత్తరపుఁగొండల సవర ముండాభాష. గదబ యను నొక్క పేరుతోనే యొకటి ముండా, యొకటి ద్రావిడముగా రెండు భాషలు కలవు. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లోఁ బ్రకటించిన కూబివ్యాకరణమును జూచినవారికి ఆ భాషకును దెలుఁగునకును గల సామ్యము విశదము; కూబిబాలుఁడు తెలుఁగువిభక్తులను దనవానితోఁ బోల్చుకొనఁగలఁడు. సవరబాలుని కా సౌకర్యము లేదు. కర్మను గ్రియలోనే యిముడ్చుకొని యొక్క పదముగఁ బలుకుట యా భాషకు సహజము. “దేనిని?” అను నాకాంక్షకు సమాధానము తెలుఁగున వేఱు పదమై, విభక్తితోఁ గూడి, క్రియకు ముందెక్కడనో యుండునని వానికి నేర్పవలెను. వాని తడఁబాటు బుద్ధిమాంద్యము కాదు, వాక్యనిర్మాణభేదము.

పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడుగా నుండిన గిడుగు వేంకటరామమూర్తి పంతులు (1863–1940) ఈ సంగతిని నూఱేండ్లకు మున్నే గుర్తించెను. సవరభాషను సవరలవలననే నేర్చి, తెలుఁగులిపిలో నా భాషకు వాచకములు సమకూర్చి, కథలను బాటలను సేకరించి, సవరబాలురకు బడులు పెట్టించెను. ఆయన సవరవ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆయనయే తెలుఁగువచనమున వ్యావహారికము నిలువవలెనని పోరాడినవాఁడు; సాహిత్యపరిషత్తుల పండితు లాయన వాదమును బెక్కేండ్లెదిరించిరి. ఆ వివాదమున నెవరి పక్ష మెంత సమంజసమో యిక్కడఁ దేల్ప నవసరము లేదు. కాని గ్రాంథికాభిమానులును నొక్కటి యొప్పుకొనక తప్పదు. బాలుఁడు పదముల యర్థమును వృద్ధవ్యవహారమువలన, అనఁగా పెద్దలు ‘ఆవును దెమ్ము’ ‘గుఱ్ఱమును గట్టు’ మనఁగా జరుగు పనినిఁ జూచి, గ్రహించునని శాస్త్రకారులే చెప్పిరి. ఏ యింట నే వృద్ధులు ఆ మాటలు పలుకరో, ఆ యింటి బాలునికి నా మాటలలోని విషయమును వెదకుమనుట శాస్త్రవిరుద్ధము. ఈ శాస్త్రమును జదివినవారు వాదమునఁ గావ్యభాషను గాపాడిరి. దానిని జదువ నక్కఱలేక యాచరించినవాఁడు గిడుగువారు.

అవిభక్తాంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున సవర, కూబి, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలోఁ దెలుఁగులిపితోనే ప్రాథమికపాఠములు మొదలిడఁబడినవి. అక్షరము నేర్చుకొనుటకది మంచి త్రోవ. చిక్కు తరువాత వచ్చును. రెండుమూఁడేండ్లకు బాలుఁడు తెలుఁగుపాఠమునకు మాఱునపుడు ప్రశ్నయుఁ దెలుఁగున, ఉత్తరముఁ దెలుఁగున, హేతువుఁ దెలుఁగుననే కావలెనను నిర్బంధ మేల? పాఠము తెలుఁగున నుండవచ్చును; “ఎట్లు తెలిసినది?” అనుదానికి సమాధానము కూబిలో నుండవచ్చును. అనుమానమునకు భాష వాహనమే గాని ప్రమాణము కాదు.

ఇది యంతయుఁ బరీక్షాంకములకై పడు శ్రమ యని తోఁపవచ్చును. అనంతగిరి మండలమున, ఆ బొర్రాగుహల చేరువనే పుట్టిన వ్యాజ్యమును దెలిసికొన్నవారి కట్లు తోఁపదు. ప్రజలు 1/70 చట్టమని పిలుచునది 1959 నాఁటి భూబదలాయింపు శాసనమునకు 1970లో జరిగిన సవరణ. దానిచొప్పున నేజెన్సీప్రాంతమున నే వ్యక్తియుఁ దన భూమిని గిరిజనులకో, గిరిజనుల సహకారసంఘములకో తప్ప నితరులకు బదలాయింపరాదు. మఱియు నచట గిరిజనుఁడు కానివాని స్వాధీనమున భూమి యున్నచో, అది గిరిజనునినుండి సంక్రమించినదిగానే తలంపఁబడును. కాదని చూపు భారము స్వాధీనదారునిది. శాసనమే యొక యనుమానమును జేసి, బాధకమును జూపుఁడని యెదుటివారి నడుగుచున్నది. బొర్రా ప్రాంతపు భూములను గనులకై గిరిజనేతరులకుఁ బ్రభుత్వము కౌలున కీయఁగా, ప్రభుత్వము ఆ ‘వ్యక్తి’ శబ్దమున నిముడునా యను ప్రశ్న పుట్టినది. సమత యను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1997 జూలై 11న, మువ్వురు న్యాయమూర్తులలో నిద్దఱ యభిప్రాయముచే, ఇముడుననియు, అట్టి కౌళ్లు చెల్లవనియు నిర్ణయించినది. వాడుకలో నా శబ్దమున కర్థము మనుష్యుఁడు. ప్రభుత్వ మందు వాచ్యముగా లేదు. ఉపక్రమ మేమి, ఉపసంహార మేమి, ఫల మేమి యని మీమాంసకుఁ డడుగునట్లు, గిరిజనుల భూమి గిరిజనులచేత నిలుచుటయే శాసనఫలమని కొని చేసిన నిర్ణయ మది. మూఁడవ న్యాయమూర్తి యట్లు చదువలేదు. ఆయన పఠనమును ననాలోచితము కాదు. ఒక్క మాటను జదువుటలోని యా భేదముపైఁ గొండ లాధారపడియుండెను.

బొర్రాగుహల పాఠమున నీ తీర్పునకు నాలుగు వాక్యము లిచ్చినచో, విషయము వెదకుటకును ననుమానము చేయుటకును అయిదవతరగతి బాలునికి దానికంటె మంచి తావు దొరకదు. ఆ వాక్యములను గూబిలోనికిఁ దెచ్చునపుడు మాత్ర మొక మెలఁకువ వలయును. శాసనమూల మింగ్లీషున నున్నది. ‘వ్యక్తి’ యనుదానికి బదులు ‘మనిషి’ యను నర్థము మాత్రమే గల మాట నుంచినచో, ప్రభుత్వ మందున్నదా యనఁగా బాలుఁడు వెంటనే లేదనును. సందేహమునకుఁ జోటులేని మాటయందు విచారమునకుఁ జోటు లేదు. ‘భూమిని ఇతరుల కిచ్చువా రెవరైనను’ అని విప్పి వ్రాసినచో, ఆ ‘ఎవరైనను’లో సర్కారును ఉన్నదా యని బాలుఁడే యడుగును.